కౌది కడుపు

కొందరిని డాక్టర్లు బీడీ మానమంటారు, కొందరిని ఉప్పు తగ్గించమంటారు. గద్వాల దవాఖానలో మా నాయనను చూసిన డాక్టరు మాత్రం దూది మానెయ్యమన్నాడు. బయటికి వచ్చాక నాయన మెట్ల మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగాక మళ్ళీ నవ్వాడు. "దూదేకులోన్ని పట్టుకొని దూది ముట్టకుమంటడేంది వీడు!" అన్నాడు అమ్మతో. అమ్మకు నవ్వు రాలేదు.

దూదేకడం మా ఇంటి పని. నాయన చిన్నప్పటి నుంచి తాత వెంట విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగాడు. విల్లంటే బాణాలు వేసేది కాదు. మనిషంత పొడవు కర్రకు నరం బిగించి ఉంటుంది. దాన్ని దూది మీద ఆనించి కొయ్యగుండుతో మీటుతుంటే, గడ్డకట్టిన దూది విడివడి నురగలా పైకి లేస్తుంది. చలికాలం ముందర మానవపాడు దాకా ఊరూరా ఆ చప్పుడు వినిపించేది. నాకు బుద్ధి తెలిసేసరికి గద్వాలలో దూదేకే మిషన్ వచ్చింది. నాయన విల్లును అటక ఎక్కించి ఆ మిషన్ దగ్గర పనికి కుదిరాడు. చిన్న గది, ఒక్కటే తలుపు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి. ఆ గదిలో ఎగిరిన దూదంతా చివరికి ఎక్కడికి పోతుందని నేను అడుగుతుండేదాన్ని. రెండువేల సంవత్సరం దాటాక, నాకు పెళ్ళై వనపర్తికి వచ్చేశాక, డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి చూపించి ఆ ప్రశ్నకు జవాబు చెప్పాడు.

నాయన మిషన్ పని మానేశాడు. బాబాయి కిరాణా కొట్లో కూర్చోవడానికి కూడా గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. పేచీ అంతా రజాయి దగ్గర వచ్చింది. నాయన పెళ్ళికి తాత స్వయంగా ఏకి ఇచ్చిన దూదితో కుట్టిన రజాయి అది. ఏటా చలి మొదలయ్యే ముందు నాయన దాని కుట్లు విప్పి, దూదినంతా వాకిట్లో కుప్పపోసి, అటక మీది విల్లు దించి మళ్ళీ ఏకి నింపేవాడు. బట్ట పాతదై చివికిపోయింది. దులిపితే చాలు, దాని సందుల్లోంచి సన్నటి దుమ్ము లేచేది. అది ఇంట్లోనే ఉండకూడదని, ఈ చలికాలం కూడా దాని కిందే పడుకుంటే ఊపిరితిత్తులకు తాను చేయగలిగింది ఏమీ ఉండదని డాక్టరు అమ్మకు గట్టిగా చెప్పాడు. అమ్మ దాన్ని దాచిపెడితే నాయన వెతికి తెచ్చుకున్నాడు. నేను బజారులో పులిబొమ్మ రగ్గు కొనిపెడితే చెమట పోస్తోందన్నాడు. గొంగడి తెస్తే కుచ్చుకుంటోందన్నాడు. "మా నాయిన ఏకిన దూది నన్నేం చేస్తదే?" అని మమ్మల్నే ఎదురు అడిగేవాడు. ఆ మొండితనం చూస్తే నాకు కోపమూ వచ్చేది, భయమూ వేసేది.

అప్పుడు నాకు తోచింది బొంత. పాత బట్టలు పొరలు పొరలుగా పరిచి కుట్టే బొంతలో దూది ఉండదు, కాబట్టి ఎగిరేదీ ఉండదు. కానీ మా ఇంట్లో బొంత అన్న మాట ఎత్తడమే కష్టం. నాయన వ్యాపారానికి పగవాడు ఎవరైనా ఉన్నారంటే అది బొంతే. ఊళ్ళోకి పోయి దూదేకుతామని కేక వేస్తే, ఆడవాళ్ళు అరుగు మీంచి లేవకుండానే "మాకు బొంతలున్నయ్, ముందటికి పో" అనేవాళ్ళట. ఇంత మెత్తటి దూదిని కాదని అంతమంది కప్పుకునే ఆ బొంతలో ఏముందో చూడాలని నాకు చిన్నప్పటి నుంచీ ఒకటే ఆరాటం. ఒకసారి బళ్ళో నేస్తం ఇంటికి వెళ్ళి వాళ్ళ బొంత మూల పళ్ళతో కొరికి విప్పాను. లోపల ఇంకో బట్ట, దాని లోపల ఇంకో బట్ట. నేను అట్టడుగు చూసేలోపే వాళ్ళమ్మ వచ్చి నా వీపు మీద ఒకటి వేసింది.

వనపర్తిలో నేను ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. జాకెట్టుకు చేతులు ఎక్కించడం వచ్చినదానికి బొంత ఒక లెక్కా అనుకున్నాను. జాకెట్లు కోయగా మిగిలిన కొత్త ముక్కలన్నీ ఏరి, ఇస్త్రీ చేసి, చదరాలుగా కత్తిరించి, రంగుకు రంగు కలిపి పేర్చి, అన్ని పొరలూ కలిపి మిషన్ సూది కింద పెట్టాను. సూది విరిగింది. ఇంకా లావు సూది వేశాను. అదీ విరిగి, ముక్క ఎగిరి గోడకు తగిలింది. నేను తిట్టుకుంటున్న చప్పుడుకు పక్కింటి పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

పెద్దమ్మ అని పిలవడమే కానీ ఆమె మాకు చుట్టం కాదు. కృష్ణ అవతల, కర్ణాటకకు ఆనుకుని ఉన్న ఊళ్ళో సేద్యం చేసుకునే ఇంటి మనిషి. కొడుక్కి వనపర్తిలో ఉద్యోగం వస్తే అతని వెంట వచ్చింది. ఇక్కడ కలుపు తీయడానికి చేనూ లేదు, పాలు పిండటానికి బర్రే లేదు. అందుకని వీధిలో ఎవరు ఏ పని చేస్తున్నా వచ్చి నిలబడి చూసేది, రెండు తప్పులు చెప్పేది.

"ఏంది బిడ్డా గిది? జాకిట్ కుడుతున్నవా, కౌది కుడుతున్నవా?" అంది.

"బొంత, పెద్దమ్మా."

"గదే, కౌది."

"రెండు ఒకటేనా?"

ఆమె ఆ ముక్కల్ని కాలి బొటనవేలితో ఇటూ అటూ జరిపి చూసి, "ఒకటే గాని, ఒకటి గాదు," అంది.

ఇలాంటి జవాబు చెవిన పడితే నాకు ఇక అన్నం సహించదు. ఆమెను కూర్చోబెట్టి, చాయ్ పోసి, గుచ్చి గుచ్చి అడిగితే సంగతి తెలిసింది. ఇక్కడి బొంతను ఒక అంచు దగ్గర మొదలుపెట్టి, నాగటి సాళ్ళలాగా వరసలు పోసుకుంటూ అవతలి అంచు దాకా కుడతారు. ఆమె వైపు కౌదిని ఒక మూల దగ్గర ఎత్తుకుని, అంచు వెంబడే చుట్టూ తిరుగుతూ, చుట్టు చుట్టుకూ లోపలికి జరుగుతారు. అలా పోగా పోగా నడిమధ్యన చెయ్యి పట్టేంత సందు మిగులుతుంది. దాన్ని కడుపు అంటారట.

"కడుపు నింపినంకనే మూయాలె," అంది పెద్దమ్మ. "రొట్టె తుంట పెడ్తం."

"బొంతకు రొట్టెందుకు?"

"ఎందుకేంది? ఆకలైతే నీకు నిద్ర పడ్తదా? దానికైనా గంతే."

"ఎలుకలు రావా మరి?"

"వస్తే వస్తయ్. అవి గూడ తింటయ్."

నాకు ఆ రోజంతా అదే ధ్యాస. జాకెట్లు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ళందరినీ అడగడం మొదలుపెట్టాను. నాగర్‌కర్నూలు నుంచి వచ్చిన ఒకామె తమ దిక్కు బొంతకు కడుపూ లేదు, వీపూ లేదు అని పకపకా నవ్వింది. అమ్రాబాద్ వైపు ఆమె, తమ అడవి చలికి ఒక బొంత ఏ మూలకని, పాత బొంత మీదే కొత్త బొంత కుట్టేస్తామని చెప్పింది. ఒకామె అయితే కొలతలు ఇవ్వడం మరిచిపోయి, వాళ్ళ అత్త బొంతలో ఏమేం బట్టలున్నాయో చెప్పుకుంటూ కూర్చుంది. ఇన్నేళ్ళుగా నేను కలిసిన ప్రతి ఒక్కరి ఇంట్లోనూ ఇది ఉంది, మా ఇంట్లో తప్ప.

పెద్దమ్మ నా కొత్త ముక్కల్ని పక్కకు నెట్టేసింది. "కొత్త బట్ట గరుకు. ఒంటికి ఒప్పదు. ఎవరు కప్పుకుంటరో ఆ ఇంట్ల తొడిగి తొడిగి మెత్తగైన బట్టలు గావాలె," అంది. దాంతో నేను గద్వాల బస్సెక్కాను. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతున్నంతసేపూ అమ్మకు ఈ మాట ఎలా చెప్పాలా అని ఆలోచించాను. నాయన కొట్టుకు పోయిన వేళ చూసుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"దూదేకులోల్ల ఇంట్ల బొంతనా? నలుగురు నవ్వరా? మీ నాయిన నన్ను బతకనిస్తడా?"

"నవ్వితే నవ్వనీ. ఆయన దగ్గు నీకు వినబడ్తలేదా?"

అమ్మ లేచి లోపలికి వెళ్ళి ఒక మూట ఈడ్చుకొచ్చింది. పాత బట్టలు తీసుకుని స్టీలు సామాను ఇచ్చేవాడి కోసం దాచి పెట్టుకున్న మూట అది. "దీనికి పెద్ద బేసన్ వస్తుండె," అని మూట నా ఒళ్ళో పెట్టేటప్పుడు కూడా సణిగింది.

వనపర్తికి మోసుకొచ్చి విప్పితే అసలు తమాషా బయటపడింది. పెద్దమ్మ ఒక్కొక్క చీర తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, "జారుతది," అని పక్కన పడేస్తోంది. ఇంకోటి తీసింది. "ఇదీ జారుతది." చివరికి నా మొహంలోకి చూసి, "దూదేకులోల్లమని చెప్తివి. ఒక్క నూలు చీర లేదేందే మీ ఇంట్ల?" అంది. నిజమే. చీరలన్నీ దాదాపు పాలిస్టరే. ఉతికితే గబగబా ఆరుతుంది, ఇస్త్రీ అడగదు, ఎన్నేళ్ళకూ చినగదు. బతుకంతా దూది మధ్య బతికిన ఇంట్లో కట్టుకునే చీరల్లో దూది లేదన్న సంగతి అంతకు ముందు నేను గమనించనే లేదు. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. ఏరగా ఏరగా నాయన గళ్ళ లుంగీలు, చిల్లులు పడ్డ బనియన్లు, తాత పంచె ఒకటి, అమ్మ లంగాలు, అట్టడుగున నాకు ఉయ్యాల కట్టిన ఒకే ఒక్క నూలు చీర మిగిలాయి. వాటితోనే పని మొదలుపెట్టాం.

వానాకాలం మధ్యాహ్నాలన్నీ దానికే పోయాయి. కింద చీర పరిచి, మీద లుంగీలు, వాటి మీద పంచె, ఖాళీలు కనిపించిన చోటల్లా బనియన్ ముక్కలు. పెద్దమ్మ కుట్టు వడ్లగింజంత ఉండేది. నాది మొదట్లో వేరుశెనక్కాయంత ఉండేది. మిషన్ మీద అలవాటు పడ్డ చెయ్యి కదా, కుట్టు పడగానే దారం గట్టిగా లాగేసేదాన్ని. బట్ట ముడతలు పడేది. "గుంజకు, గుంజకు. జర ఊపిరాడనియ్యి దానికి," అని ఆమె నా చేతిలోంచి సూది లాక్కుని నేను కుట్టిందంతా విప్పేసేది. నాకు ఉక్రోషం వచ్చి ఒకరోజు ఆమెతో మాట్లాడకుండా కుట్టాను. ఆ రోజు కుట్టిందీ విప్పింది.

కుడుతూ కుడుతూ నాకు ఇంకో అనుమానం వచ్చింది. లుంగీ దూదిదే, పంచె దూదిదే, చేతిలో ఉన్న దారమూ దూదిదే. అలాంటప్పుడు డాక్టరు వద్దన్న దూదినే నేను నాయనకు కప్పబోతున్నానా? ఆ ఆలోచనతో సూది ఆగిపోయింది. పెద్దమ్మను అడిగాను.

"వడికి నేసిన దూది యాడికి ఎగురుతదే? పనిల పెట్టినంక పిల్లగాండ్లే ఎగురరు," అంది ఆమె తల ఎత్తకుండానే. ఆమె మాట సగమే నమ్మాను. తర్వాత వనపర్తిలో ఒక డాక్టరమ్మ జాకెట్ల కోసం వస్తే ఆమెనూ అడిగి రూఢి చేసుకున్నాను. ఊపిరిలోకి పోయేది ఎగిరే దుమ్మేనని, బట్టతో భయం లేదని ఆమె చెప్పాక మళ్ళీ నా చెయ్యి సాగింది.

దసరా సెలవులు అయిపోయేసరికి నడుమ సందు ఒక్కటే మిగిలింది. పెద్దమ్మ సూదికి దారం ఎక్కించి, కౌది అంచుకే గుచ్చి, మడత పెట్టి నా చేతికి ఇచ్చింది. "ఇగ నేను ముట్ట. కప్పుకునేటోల్ల ఇంట్లనే కడుపు నింపాలె, ఆ ఇంటోల్లే మూయాలె," అంది. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే తొడలు తిమ్మిరెక్కాయి. ఎప్పుడు దిగుతానా, ఎప్పుడు నాయన మొహం చూస్తానా అని ఒకటే తొందర.

వాకిట్లో అడుగు పెట్టి అక్కడే ఆగిపోయాను. రజాయి కుట్లు అప్పటికే సగం విప్పి ఉన్నాయి. దూది కొంత కుప్పగా నేల మీద ఉంది. అటక మీది విల్లు కిందికి దిగి గోడకు ఆనుకుని ఉంది. నాయన కుప్ప పక్కన గొంతుక్కూర్చుని, ఇంకా ఏకడం మొదలుపెట్టకుండానే, వంగి దగ్గుతున్నాడు. అమ్మ గడపలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. చెప్పీ చెప్పీ అలిసిపోయిన మొహం.

"ఏం మూట బిడ్డా అది?" అన్నాడు నాయన దగ్గు ఆగాక.

మడత విప్పి మంచం మీద పరిచాను. చూడగానే ఆయన మొహం ముడుచుకుపోయింది.

"నా ఇంట్లకు బొంత తెచ్చినవా?"

"బొంత కాదు నాయినా. కౌది."

ఆయన ఏదో అనబోయి ఆగాడు. నాకు తెలుసు ఆ ఆగడం. తెలియని మాట ఏదైనా చెవిన పడితే, దాని సంగతి తేల్చుకునే దాకా మా నాయన కోపాన్ని కూడా పక్కన పెట్టగలడు. నా రోగం ఆయన దగ్గర అంటుకున్నదే.

"కౌది అంటే?"

చెప్పాను. పక్కింటి పెద్దమ్మ నేర్పడం, మూల దగ్గర మొదలుపెట్టడం, చుట్టూ తిరగడం, లోపలికి జరగడం. ఆయన లేచి వచ్చి, మూల దగ్గర వేలు పెట్టి, కుట్టు వెంబడే మంచం చుట్టూ తిరగసాగాడు. ఒక చుట్టు తిరిగాడు, ఇంకో చుట్టు తిరిగాడు. మొదటి చుట్లలో పెద్దమ్మ కుట్టు ఏదో, నా కుట్టు ఏదో అడగకుండానే తెలిసిపోయినట్టుంది, నన్ను చూసి మీసాల్లో నవ్వాడు. తిరిగి తిరిగి నడుమకు వచ్చాడు.

"ఇదేంది, ఈడ కుట్టుట మరిచినవా?"

"అది దాని కడుపు. రొట్టె పెట్టి మూయాలెనంట."

దూదేకిన మనిషి సందు కనిపిస్తే ఊరుకోడు. లోపలికి చెయ్యి పోనిచ్చాడు. నింపింది సమంగా ఉందా, గడ్డలున్నాయా అని రజాయిల్లో చూసినట్టే, కళ్ళు మూసుకుని వేళ్ళతో వెతికాడు. "ఇది నా లుంగీ," అన్నాడు. ఇంకా లోపలికి పోనిచ్చి, "ఇది మా నాయిన పంచె గదా," అన్నాడు. కాసేపటికి కళ్ళు తెరిచి, "దూదే లేదు," అన్నాడు. అందులో కోపం లేదు. నిజంగా ఆశ్చర్యపోయాడు. "దూది లేకుంట గింత మెత్తగెట్లైంది?"

"మీరు తొడిగి తొడిగి," అన్నాను.

ఈలోగా అమ్మ వంటింట్లోంచి జొన్నరొట్టె తుంట పట్టుకొచ్చింది. "జరుగు, బిస్మిల్లా అని పెడ్త," అంటూ వంగింది. నాయన ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు. ఒప్పుకోడేమో అనుకున్నాను. ఆయన వాకిట్లో కుప్ప వైపు నడిచి, వంగి, తాత ఏకిన దూదిలోంచి చిటికెడు తీశాడు. దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టి, ఒక్క పోగు కూడా ఎగరకుండా గట్టిగా నలిపి నలిపి, వత్తిలాగా చేశాడు.

"నాయినా, డాక్టరు వద్దన్నడు," అన్నాను.

"కడుపు నింపాలెనంటివి గద బిడ్డా. మన కడుపు నింపింది ఇదే గద."

నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ రొట్టె తుంట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాయన ఆ వత్తిని లోపల పెట్టాడు. అమ్మ చేతిలోని రొట్టె కూడా తీసుకుని దాని పక్కనే పెట్టాడు. అంచుకు గుచ్చిన సూది తీసి, రజాయి కుట్టేవాళ్ళ పొడుగు కుట్లతో తనే సందు మూశాడు. తర్వాత వాకిట్లో మిగిలిన దూదినీ, రజాయిలో ఉన్నదాన్నీ ఒక గోనెసంచిలోకి కుక్కి మూతి బిగించి, "ఇంగ దీన్ని ఎవరికన్న ఇచ్చెయ్యి," అని అమ్మ చేతికి ఇచ్చాడు. అమ్మ సంచి అందుకుంది. ఆయన చెయ్యి మాత్రం ఇంకా కాసేపు దాన్ని పట్టుకునే ఉంది.